కొంగవదిన అరికాలు

మా లాండ్రీలో ఆమెని అందరూ కొంగమ్మ అంటారు. నాకు మాత్రం వదిన, మా ఆయనకి స్వయానా అక్క. ఆ పేరు పెట్టిన మహాతల్లి ఎవరో గానీ కళ్ళున్న మనిషి. రోలర్ల లోంచి దుప్పటి వచ్చేదాకా వదిన ఎడమ పాదం ఎత్తి కుడి పిక్కకి ఆనించి, ఒక్క కాలి మీద కాచుకుని నిలబడేది మరి. కాసేపటికి కాలు మార్చేది. "రెంటికీ ఒకేసారి శ్రమెందుకే, వంతులేసుకోనీ" అనేది. ఒంటికాలి మీద నిలబడడం ఆమె పని, ఒంటికాలి మీద లేవడం నా పని. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఇది చెప్పేది నేనే కాబట్టి ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

మాది ఆసుపత్రి లాండ్రీ. పెద్ద భవనం వెనక రేకుల షెడ్డు. ఆ చివర ఉతికే యంత్రాలు, మధ్యలో ఆరబెట్టేవి, ఈ చివర వేడి రోలర్లు. రోలర్ల లోంచి దుప్పటి సాపుగా, చెయ్యి కాలేలా బయటికొస్తుంది. దాన్ని చెరో పక్కా పట్టుకుని ఒక్క లాగు లాగి, ఎత్తి, మరకలు చూడాలి. వదిన తన పక్క చూసుకుని "ఉందా?" అంటుంది. నేను నా పక్క చూసి "లేదు" అంటాను. అప్పుడు ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలుపుతాం, వెనక్కి వెళ్తాం, మళ్ళీ నడిచొస్తాం. దుప్పటి మడత పడుతుంది. "ఉంది" అంటే అది మళ్ళీ ఉతకడానికి తొట్టిలోకి పోతుంది. రోజుకి నాలుగు వందల దుప్పట్లు, నిలువుకాళ్ళ మీద ఎనిమిది గంటలు. నేను ఆ కొస పట్టుకుని పందొమ్మిదేళ్ళు. నేను రాకముందు ఆమె ఇంకెవరితోనో పదకొండేళ్ళు పట్టుకుంది.

అన్నేళ్ళు వాడితే మాట కూడా అరిగిపోతుంది. "ఉందా" కాస్తా "ఉం?" అయింది, "లేదు" కాస్తా "లే" అయింది. ఒకసారి బట్టలు తీసుకెళ్ళడానికొచ్చిన నర్సమ్మ మమ్మల్ని కాసేపు చూసి, "ఇద్దరూ నిలబడే ఉన్నారు కదమ్మా, ఇంకా లే లే అని ఎవర్ని లేపుతున్నారు?" అంది. వదిన పడీ పడీ నవ్వింది. నాకైతే ఆ మాట ఇంట్లో కూడా నోటికి పట్టేసింది. మా ఆయన "చక్కెర ఉందా?" అని అడిగితే, డబ్బా నిండుగా ఉన్నా "లే" అనేసేదాన్ని. ఆయన పోయి ఇంకో పొట్లం తెచ్చేవాడు. ఒకప్పుడు మా ఇంట్లో మూడు డబ్బాల చక్కెర ఉండేది.

వదిన ఎక్కడా కూర్చునే మనిషి కాదు. తల్లి పోయేనాటికి ఆమెకి ఇరవై ఒకటి, మా ఆయనకి పదకొండు. అప్పుడు నిలబడింది. పొయ్యి దగ్గర నిలబడి, షెడ్డులో నిలబడి, తమ్ముణ్ణి బడికి పంపి, ఆ తర్వాతే పెళ్ళి చేసుకుంది. పిల్లలు కలగలేదు. మొగుడు వ్యాను నడిపేవాడు, మంచివాడు, గుండె ఆగి పోయాడు. ఆ రోజు కూడా ఇంట్లో గోడవారగా నిలబడే ఉంది. కుర్చీ వేస్తే దాని మీద ఎవరిదో సంచీ పెట్టింది. కన్నీటి చుక్క రాలలేదు. ఎంతసేపూ "ఏం లేదులే, ఏం లేదులే" అని వచ్చినవాళ్ళనే ఓదార్చింది. జనం తలో మాటా అనుకున్నారు. నేనూ అనుకున్నాను, దాచడమెందుకు. ఈవిడకి గుండె మొద్దుబారిపోయింది అనుకున్నాను.

కాళ్ళ సంగతి దానికి రెండేళ్ళ తర్వాత మొదలైంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేదట. మధ్యాహ్నానికి అరికాళ్ళు భగ్గున మండేవి. కోపమొస్తే అరికాలి మంట నెత్తికెక్కిందంటారు కదా, "నాకు కోపం లేదే, అందుకే మంట కిందే ఆగిపోయింది" అని ఆమే నవ్వేది. పసుపు రంగు నూనె ఒకటి రాసుకునేది. షెడ్డంతా ఆ వాసనే. అప్పుడే మా సూపర్‌వైజరు మహానుభావుడు కాళ్ళ కింద పరిచిన రబ్బరు చాపలు తీసేయించాడు, ఊడవడం కష్టమవుతోందట. నేను అతని మీద నోరు పెట్టుకుని పడ్డాను. చాపలు రాలేదు, నాకు గయ్యాళి అని పేరొచ్చింది.

ఒకనాడు వదిన అందరికీ టీ తెప్పించింది. "నొప్పి పోయిందే పిల్లా! పీడా విరగడైంది. మంటా లేదు, పోటూ లేదు" అంది. మేమంతా సంతోషంగా తాగాం. అది సంతోషించాల్సిన సంగతి కాదని అక్కడున్న పదిమందిలో ఒక్కరికీ తెలీదు.

తెలిసింది ఎలాగంటే, ఓ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలోంచి బయల్దేరి షెడ్డు దాటి, గేటు దాటి, రోడ్డు దాకా వచ్చాక చూశాను. ఆమె కుడి కాలికి చెప్పుంది, ఎడమ కాలికి లేదు.

"చెప్పు ఏదీ వదినా?"

"ఏ చెప్పు?" అంది. తల వంచి చూసుకుంది. చాలాసేపు అలాగే చూసుకుంది. "అరె, ఎక్కడ జారిపోయిందే?" అంది.

అదంతా కంకర రోడ్డు. మర్నాడే ఆసుపత్రికి లాక్కెళ్ళాను. ముప్పై ఏళ్ళు ఆ ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టింది గానీ, రోగిగా లోపలికెళ్ళడం ఆమెకి అదే మొదలు. రక్తం చూశారు, షుగరుంది. ఎప్పట్నుంచో ఉందన్నాడు డాక్టరు. తర్వాత కళ్ళు మూసుకోమని, నైలాను దారం లాంటిదొకటి తీసుకుని, "ఎక్కడ తగిలితే అక్కడ చెప్పండి" అన్నాడు. అరికాలి మీద పది చోట్ల పొడిచాడు. బొటనవేలు, వేళ్ళ మొదళ్ళు, మధ్యలో, మడమ. వదిన బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంది. కాసేపయ్యాక, "ఇంక మొదలెట్టండి బాబూ" అంది.

డాక్టరు నా వంక చూశాడు. నేను గోడ వంక చూశాను.

ఆయన చెప్పింది ఇది. ఈ కాళ్ళలో స్పర్శ పోయింది. అది తిరిగి రాదు. ఇకమీదట ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా కాలు చెప్పదు. చెప్పని పుండు లోపలికి పోతుంది. పుండు పడితే వేలు తీయాల్సి రావచ్చు, ఆలస్యమైతే పాదం. కాబట్టి పుండు పడకూడదు. "నిలబడే పని మానేయగలరా?" అని అడిగాడు. "మానేసి?" అంది వదిన. ఆయన కాగితం మీద ఏదో రాసి నడవా చివరి గదికి పొమ్మన్నాడు.

ఆ గదిలో ఉన్నాయన బూట్లలో పెట్టే మెత్తలు చేస్తాడు. ఇన్‌సోల్స్ అని బోర్డుంది. మా షెడ్డులో తర్వాత ఆయన పేరు మెత్తలాయన అయిపోయింది. పెట్టెలో నింపిన నురుగు దిమ్మ మీద వదినని నిలబెట్టాడు. పాదం దిగి అచ్చు పడింది. పాదం మధ్యలో ఉండాల్సిన వంపు లేనే లేదు. "ఇది పాదం కాదమ్మా, పలక" అన్నాడు. బొటనవేలి మొదట్లో రాయిలా ఒక ఆనెకాయ. ఒంటి బరువంతా అక్కడే పడుతోందని చూపించాడు. వంపు కింద ఎత్తు ఇచ్చి, ఆనె ఉన్నచోట గుంట పెట్టి, పైన మెత్తటి పొర వేసి చేస్తానన్నాడు. వారం తర్వాత ఇచ్చాడు. అచ్చం ఆమె పాదాల్లాగే ఉన్నాయి, కాకపోతే వాటికి వంపుంది.

మనిషి నిదానం, మాట పదునైనది. "బూటులో మొదట వచ్చిన అట్ట తీసేసి ఇవి పెట్టండి. దాని మీద పెడితే బూటు బిగుసుకుని వేళ్ళు ఒరుసుకుంటాయి. మొదటి రోజు గంటే వేసుకోండి. రెండో రోజు రెండు గంటలు. వేసుకునే ముందు బూటు బోర్లించి దులపండి, లోపల చెయ్యి పెట్టి చూడండి. రోజూ సాయంత్రం అరికాలు చూసుకోవాలి. ఎరుపు గానీ, బొబ్బ గానీ, నొక్కు గానీ. నొప్పి లేదు కదా అని మానకండి, నొప్పి లేదు కాబట్టే చూడాలి."

వదినకి అరికాలు కనపడేంతగా నడుం వంగదు. అద్దం కింద పెట్టి చూసుకోమన్నాడు. అక్కడే ప్రయత్నించింది. "పైకప్పు కనిపిస్తోందండీ, ఫ్యానుకి దుమ్ము పట్టింది" అంది. మెత్తలాయన నా వైపు తిరిగాడు.

"మీరెవరు?"

"మరదల్ని."

"అయితే ఈ పని మీది."

అలా ఆమె అరికాలు నా చేతికొచ్చింది.

మెత్తలు పనిచేశాయి. ఆ మాట గట్టిగానే చెబుతాను, ఎందుకంటే తర్వాత జరిగినదానికి మా షెడ్డులో కొందరు వాటిని ఆడిపోసుకున్నారు. రెండు నెలలకి ఆనెకాయ సగానికి తగ్గింది. వదిన రెండు కాళ్ళ మీద నిలబడడం మొదలెట్టింది. "కొంగ మనిషైందోయ్" అని ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు. ఉతికే యంత్రాల దగ్గర ఒకావిడ ఇంట్లో పాత పరుపు చీల్చి, ఆ నురుగు ముక్కలు కత్తిరించి బూట్లలో కూరుకొచ్చింది. మూడో రోజుకి అప్పడాలయ్యాయి. మొగుడు పరుపేదని అడిగితే ఏం చెప్పిందో మాకు చెప్పలేదు.

రోజూ సాయంత్రం బట్టలు మార్చుకునే గదిలో బల్ల మీద వదిన కూర్చునేది. నేను ఎదురుగా ముక్కాలి పీట మీద. ఆమె కాలు నా ఒళ్ళో. ఫోను లైటు వేసి, వేళ్ళ సందులు విప్పి, మడమ చుట్టూ వేలితో తడిమి చూసేదాన్ని. ఆమె పైనుంచి "ఉం?" అనేది. నేను "లే" అనేదాన్ని. గదిలో వాళ్ళంతా నవ్వేవాళ్ళు. మాకూ నవ్వొచ్చేది. ఆమె సాక్సు తొడుక్కునేది, ఇద్దరం బస్సుకెళ్ళేవాళ్ళం. కొన్నాళ్ళకి ఫోను లైటు మానేశాను, కిటికీలోంచి వెలుతురు చాల్లే అని. తర్వాత వేళ్ళ సందులు ఒకరోజు విడిచి ఒకరోజు. ఎందుకలా అంటే ఏం చెప్పను? రోజూ ఏమీ ఉండేది కాదు. నాలుగు నెలలు ఏమీ లేని చోట చూస్తూ ఉంటే, కన్ను కూడా అలిసిపోతుంది.

ఆ శనివారం సూపర్‌వైజరుతో గట్టిగా పడింది. రబ్బరు చాపల గురించి మళ్ళీ అడిగితే, "మీ ఇంట్లోంచి తెచ్చుకోండి" అన్నాడు. నేను ఊరుకుంటానా? ఏడు తరాలు తిట్టలేదు గానీ ఆరు దాకా వచ్చాను. మధ్యాహ్నం అంతా నా ఒళ్ళు మండుతూనే ఉంది. సాయంత్రం గదిలో వదిన కాలు నా ఒళ్ళో పెట్టింది. తలుపు తీసుంది. బయట అతను ఇస్త్రీ బల్లల ఆవిడతో చేతులూపుతూ మాట్లాడుతున్నాడు. నా గురించే అని నాకు అనుమానం. చెవులు అక్కడే ఉన్నాయి, కళ్ళూ అక్కడే.

"ఉం?" అంది వదిన.

"లే" అన్నాను.

నోరు అనేసింది. నేను చూడలేదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలో తెలిసింది కూడా. కానీ వదిన అప్పటికే బూటు తొడుక్కుంటోంది. రేపు ఆదివారం, ఎల్లుండి చూస్తాలే అనుకున్నాను.

సోమవారం పొద్దున వదిన జ్వరంతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి. ఎడమ బూటులోకి కాలు వెళ్ళట్లేదని, బలవంతాన తోసి వేసుకుని వచ్చిందట. "ఒళ్ళు వెచ్చబడిందే, అంతే" అంది. గదిలో కూర్చోబెట్టి బూటు లాగాను, సాక్సు లాగాను. ముందు వాసన వచ్చింది. బొటనవేలి కింద నల్లగా, చుట్టూ ఎర్రగా, పైకి పిక్క దాకా గీత. బూటు బోర్లించి కొడితే ఏమీ రాలలేదు. మెత్త పైకి తీసి చూస్తే, ఆనె కోసం చేసిన గుంట అంచున పై పొరలోకి దిగబడి ఒక బొత్తం ఉంది. పైకి నున్నగా, చేతికి తగలనంతగా దిగిపోయింది. ఆదివారం కూడా ఆ బూట్లతోనే బజారంతా తిరిగిందట, బయటికెళ్తే బూట్లే వేసుకోమని మెత్తలాయన అన్నాడు కదా అని.

నీలం బొత్తం. పెద్దవాళ్ళ గౌన్లకి బొత్తాలుండవు, నాడాలుంటాయి. నీలం బొత్తాలు పిల్లల వార్డు గౌన్లకే. పిల్లల వార్డు బట్టలు మా మడతల బల్ల మీదకి శనివారం మధ్యాహ్నం తప్ప రావు. భోజనాలప్పుడు వదిన ఆ బల్ల కిందే బూట్లు విప్పి కాళ్ళు చాపుకుంటుంది. ఎవరూ చెప్పక్కర్లేకుండానే నాకు లెక్క తేలిపోయింది. శనివారం సాయంత్రం అది ఆమె కాలి కింద నాలుగు గంటలుగా ఉంది. అప్పుడు చూసుంటే ఎర్రటి నొక్కు, అంతే. బూటు దులిపి ఇంటికెళ్ళేవాళ్ళం.

వెంటనే ఆసుపత్రిలో చేర్చాం. డాక్టరు పుండు చూసి, "రెండు మూడు రోజుల నాటిది. రోజూ ఎవరైనా చూస్తున్నారా?" అన్నాడు.

"నేనే చూస్తున్నానండి" అన్నాను.

"శనివారం?"

"చూశానండి. ఏం లేదు."

వదిన మంచం మీద పడుకుని కళ్ళు తెరిచే ఉంది. విన్నది. డాక్టరు ఒక్కోసారి కనపడకుండా కూడా మొదలవుతుందని ఏదో చెప్పి, నన్ను ఓదార్చాడు. ఆ ఓదార్పు కూడా తీసుకున్నాను.

బొటనవేలు, పక్క వేలు తీసేశారు. పుండు మానలేదు. పదిరోజుల తర్వాత మిగిలిన మూడూ తీసేశారు. ఇప్పుడామెకి ఎడమ కాలు సగం పాదమే.

నాకు బాధ వేసిందని చెప్పాలి. వేయలేదు. ఏమీ వేయలేదు. పొద్దున్నే లేచేదాన్ని, వండేదాన్ని, తినేదాన్ని, నిద్రపట్టేది. మా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను పక్కన నిలబడి ఆయన చొక్కా కాలరు మాసిందని చూశాను. షెడ్డులో నాకు జతగా ఇంకొకావిణ్ణి వేశారు. ఆమె పొట్టి మాటలు వాడదు, "మరకుందా అక్కా?" అని పూర్తిగా అడుగుతుంది. నేను దుప్పటి నా పక్క చూసి, తిప్పి చూసి, మళ్ళీ చూసి, అప్పుడు లేదనేదాన్ని. రోజుకి నాలుగు వందలు కాస్తా రెండు వందల యాభై అయ్యాయి. సూపర్‌వైజరు వచ్చి నానా మాటలూ అన్నాడు. నేను తలొంచుకుని విన్నాను. షెడ్డు షెడ్డంతా పని ఆపి చూసింది. సాయంత్రం అతనే వచ్చి, "ఒంట్లో బాగుండలేదా?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

మెత్తలాయన కొత్త మెత్త చేశాడు. వెనక సగం మామూలుగా, ముందు సగంలో వేళ్ళు ఉండాల్సిన చోట నింపుడు దిమ్మ. అది లేకపోతే బూటు ముందు భాగం మడత పడి, మిగిలిన పాదాన్ని కొరుకుతుందట. వదిన దాన్ని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "నా వేళ్ళకంటే ఇవే బాగున్నాయి, గోళ్ళు తీసే పని లేదు" అంది. మెత్తలాయన నవ్వలేదు. ఈసారి చూసే మనిషి ఎవరని అడిగాడు. వదిన గడ్డంతో నన్ను చూపించింది. నేను కాదనలేకపోయాను, అవుననలేకపోయాను. ఆయన రాసుకున్నాడు.

సగం పూట పనికి రమ్మన్నారు, స్టూలు వేస్తామన్నారు. దానికి ముందు రోజు, ఆదివారం పదకొండు గంటలప్పుడు వాళ్ళింటికెళ్ళాను. మెత్తలాయన చెప్పినట్టే గంటసేపు కొత్త మెత్త వేసుకుని ఇంట్లో నడిచింది. ఇప్పుడు కాలు చూడాలి. మంచం మీద కూర్చుంది. నేను కింద కూర్చుని బూటు తీసి, కాలు ఒళ్ళో పెట్టుకున్నాను. సాక్సు మీద చెయ్యి వేశాను గానీ లాగలేకపోయాను.

ఏడు వారాలుగా నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. ఇక ఇవాళ చెప్పకపోతే, చెప్పకుండానే మళ్ళీ రోజూ ఈ కాలు పట్టుకోవాలి.

"వదినా, ఆ శనివారం నేను చూళ్ళేదు."

"తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు? డాక్టరు దగ్గర అబద్ధం చెప్పాను. చూశానన్నాను. చూళ్ళేదు."

"తెలుసే. ఆ రోజు నువ్వు సాక్సు కూడా తీయలేదుగా."

సాక్సు కూడా తీయలేదని నాకే తెలీదు. ఏడు వారాలు ఆ సాయంత్రాన్ని తలుచుకుంటూనే ఉన్నాను, తలుచుకున్న ప్రతిసారీ ఆమె వట్టి పాదం నా ఒళ్ళో ఉండేది.

"మరి చెప్పొచ్చుగా!" అరిచాను. ఇన్నాళ్ళకి గొంతు లేచింది. "సాక్సు తియ్యవే దరిద్రపుదానా అని ఒక్క మాట అనొచ్చుగా! నీ కాలు కాదూ? నీ వేళ్ళు కాదూ? నోరు పడిపోయిందా నీకు?"

"అరవకే. పక్కింటివాళ్ళు వస్తారు."

"రానీ!"

వదిన కిటికీ వైపు చూసింది. తర్వాత మామూలు గొంతుతోనే చెప్పింది.

"నాకు భయమే పిల్లా. రోజూ భయమే. నీ ఒళ్ళో కాలు పెట్టినప్పుడల్లా, ఇవాళ ఉందంటావేమో, ఇవాళ ఉందంటావేమో అని గుండె దడదడలాడేది. నువ్వు లేదనేదాకా ఊపిరి ఆడేది కాదు. ఆ రోజు చూడకుండానే లేదనేశావు. సాక్సు తియ్యమందామనుకున్నా. అంటే చూస్తావు కదా. చూస్తే ఏమంటావో. పోనీలే, ఇవాళ్టికి గడిచిపోయింది అనుకుని బూటు తొడుక్కున్నా."

ఈ మనిషికి భయమనేది ఉందని నాకు తెలీదు. పందొమ్మిదేళ్ళు ఎదురుగా నిలబడ్డాను. మొగుడు పోయిన రోజు కూడా పక్కనే ఉన్నాను. మొద్దుబారిపోయింది అనుకుని హాయిగా ఉన్నాను.

తప్పు నా ఒక్కదానిదే అనుకుని కాళ్ళు పట్టుకుని క్షమించమని అడుగుదామనే వచ్చాను. కాలు నా చేతుల్లోనే ఉంది. కానీ ఇద్దరం కలిసి చేసినదానికి ఎవరు ఎవర్ని అడగాలి? ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

వదిన వంగలేదు, నా తల మీద చెయ్యి వేయలేదు. మంచం పట్టెని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని, "తియ్యి" అంది. సాక్సు అంచు పట్టుకున్నాను. ఆ సగం పాదం నా చేతుల్లో వణుకుతోంది. అది ఆమెకి తెలీదు. నా చేతులకి తెలుస్తోంది.